కోహ్లీ విశాఖ సగటు: ఒకే డేటా, మూడు జవాబులు

సంపాదకుల వారికి,

మధురవాడ స్టేడియంలో మ్యాచ్ ఉందంటే చాలు, నాలుగైదు రోజుల ముందు నుంచే క్రీడా పేజీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, ఇంజినీరింగ్ కుర్రాళ్ల మినీ ప్రాజెక్టుల్లో లెక్కల పట్టికలు మొదలవుతాయి. అందులో అందరికీ ఇష్టమైన లెక్క ఒకటుంది: విశాఖలో విరాట్ కోహ్లీ వన్డే సగటు. 2023 మార్చి దాకా ఇక్కడ ఆయన ఆడినవి ఏడు ఇన్నింగ్స్. 118, 117, 99, 65, 157 నాటౌట్, 0, 31. మొత్తం 587 పరుగులు, అవుటైంది ఆరుసార్లు. సగటు 97.83. కాగితం మీద వేస్తే నిమిషం పట్టదు.

ఇదే లెక్కను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో, బంతి బంతి వివరాలున్న డేటాబేస్ నుంచి తీస్తే కొందరికి 83.86 వస్తుంది, కొందరికి 71.67 వస్తుంది. ఈ రెండూ ఎక్కడ పుడతాయో, డేటాబేస్‌ను అడిగేటప్పుడు వచ్చే ఎర్రర్లను ఎలా చదవాలో వివరంగా రాస్తున్నాం. ఈ పనిలో ఉన్న విద్యార్థులకూ, పట్టికలు వేసే మీ క్రీడా విభాగానికీ పనికొస్తుందని.

83.86 సంగతి తేలిక. 587ను అవుటైన ఆరుసార్లతో కాకుండా ఆడిన ఏడు ఇన్నింగ్స్‌తో భాగించారు. క్వెరీలో, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో, యావరేజ్ ఫంక్షన్ పెడితే జరిగేది ఇదే. నాటౌట్ అంటే ఏమిటో ఆ ఫంక్షన్‌కు తెలియదు. పరుగుల మొత్తం విడిగా, అవుటైన సార్లు విడిగా లెక్కించి భాగించాలి.

71.67 వెనుక కథ పెద్దది. అందులో 2018 అక్టోబరు 24 నాటి వెస్టిండీస్ మ్యాచ్ మొత్తం మాయమైంది. కోహ్లీ 205వ ఇన్నింగ్స్‌లో వన్డేల్లో పది వేల పరుగులు దాటిన మ్యాచ్ అది. ఆయన 157 నాటౌట్, అటు షై హోప్ 123 నాటౌట్, రెండు జట్లూ 321 దగ్గర ఆగాయి. టై. మనవాళ్లలో చాలామంది డేటాను క్రిక్‌షీట్ అనే వెబ్‌సైటు నుంచి దింపుకుంటారు. మ్యాచ్‌కొక జేసన్ ఫైలు, అంటే ప్రతి గడికీ ఒక పేరుండే టెక్స్ట్ ఫైలు. ఎవరైనా గెలిస్తే ఫలితం కింద ‘విన్నర్’ అనే గడి ఉంటుంది. టై అయితే ఆ గడే ఉండదు, దాని బదులు ‘రిజల్ట్’ అనే గడిలో టై అని రాసి ఉంటుంది. డ్రా అయిన టెస్టుకూ, వానకు కొట్టుకుపోయిన మ్యాచ్‌కూ అంతే. విన్నర్‌ను చదరపు బ్రాకెట్లలో పెట్టి నేరుగా అడిగిన ప్రోగ్రాం ఈ ఫైలు దగ్గరికి రాగానే ‘కీ ఎర్రర్: విన్నర్’ అని, అంటే ఆ పేరుతో గడి లేదని, ఆగిపోతుంది.

ఆగిపోవడం మంచిదే. చెడు జరిగేది ఆ తర్వాత. రెండు వేల ఫైళ్లు ఎక్కించే లూపు మధ్యలో ఆగిందని విసుగెత్తి, చుట్టూ ట్రై పెట్టి, ఎక్సెప్ట్ కింద పాస్ అని రాసేస్తారు, అంటే ఎర్రర్ వస్తే పట్టించుకోకుండా ముందుకు పొమ్మని. ఇక ఎర్రర్ రాదు. ఆ ఫైలూ రాదు. టై, డ్రా, రద్దయిన మ్యాచ్‌లన్నీ చడీచప్పుడు లేకుండా జారిపోతాయి. కోహ్లీ 587లో 157 పోయి 430 మిగులుతుంది, దాన్ని ఆరుతో భాగిస్తే 71.67. ఆ ప్రాజెక్టు చూసే ఎగ్జామినర్‌కు స్క్రీన్ మీద ఎర్ర అక్షరం ఒక్కటీ కనబడదు.

చేయాల్సింది ఇది. విన్నర్‌ను బ్రాకెట్లతో కాక ‘గెట్’ మెథడ్‌తో అడగాలి. గడి లేకపోతే ‘నన్’ వస్తుంది, డేటాబేస్‌లో అది నల్‌గా, అంటే విలువ లేని ఖాళీగా, కూర్చుంటుంది. ఎక్సెప్ట్ తప్పదనుకుంటే పాస్ బదులు ఫైలు పేరూ ఎర్రరూ ఒక లాగ్ ఫైలులో రాయించాలి. ఎక్కించడం పూర్తయ్యాక ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్లున్నాయో, మ్యాచ్‌ల టేబుల్‌లో అన్ని వరుసలున్నాయో లేదో చూడాలి. ఒక్కటి తగ్గినా ముందుకు పోకూడదు.

ఫైలు సరిగ్గా ఎక్కినా ఆ టై మ్యాచ్ ఇంకోచోట దెబ్బ తీస్తుంది. ‘విశాఖలో భారత్ గెలవని మ్యాచ్‌లు’ కావాలని, విన్నర్ ఇండియాకు సమానం కాకూడదు అని షరతు పెడతారు. నల్‌ను దేనితో పోల్చినా వచ్చేది అవునూ కాదు, కాదూ కాదు, నల్లే. వరుసలను వడకట్టే వేర్ షరతు దాటాలంటే అవును అనే రావాలి. కాబట్టి 2023 మార్చి 19న ఆస్ట్రేలియా మనల్ని 117కు చుట్టేసి పది వికెట్లతో గెలిచిన మ్యాచ్ జాబితాలో కనిపిస్తుంది, 2018 టై కనిపించదు. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో ‘ఈజ్ నాట్’ అనీ, పోస్ట్‌గ్రెస్ అనే ఇంకోదానిలో ‘ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్’ అనీ రాస్తే ఆ మ్యాచ్ కూడా వస్తుంది.

ఇక క్వెరీ నడిపేటప్పుడు ఎదురయ్యే ఎర్రర్లు. కొత్తవాళ్లకు మొదట తగిలేది ‘నో సచ్ టేబుల్’. టేబుల్ కళ్లముందు ఉంది కదా, ఇదేమిటని తల పట్టుకుంటారు. ఎస్‌క్యూలైట్‌కు ఇచ్చిన దారిలో ఫైలు లేకపోతే అది అభ్యంతరం చెప్పదు, ఆ పేరుతో ఖాళీ ఫైలు తనే తయారు చేసుకుంటుంది. ప్రోగ్రాంను ఒక ఫోల్డర్ నుంచి నడిపితే, డేటాబేస్ ఇంకో ఫోల్డర్‌లో ఉండిపోయింది. ప్రోగ్రాం నడిపిన చోట అదే పేరుతో సున్నా బైట్ల ఫైలు ఉంటే సంగతి ఇదే. దాన్ని తీసేసి పూర్తి దారి ఇవ్వండి. కనెక్షన్‌ను యూఆర్ఐ పద్ధతిలో తెరిచి మోడ్ ‘ఆర్‌డబ్ల్యూ’ అని పెడితే ఫైలు లేనప్పుడు కొత్తది సృష్టించకుండా అక్కడికక్కడే ఎర్రర్ ఇస్తుంది.

తర్వాతది చూడటానికి వింతగా ఉంటుంది: ‘ఇన్‌కరెక్ట్ నంబర్ ఆఫ్ బైండింగ్స్ సప్లైడ్’ అని మొదలై, వాక్యంలో కావాల్సింది 1, ఇచ్చినవి 7 అని చెబుతుంది. ఇచ్చింది ఒక్క పేరే, ఏడు ఎక్కడివి? క్రిక్‌షీట్‌లో కోహ్లీ పేరు ఇంగ్లిష్‌లో ముందు పొడి అక్షరం, ఖాళీ, తర్వాత ఇంటిపేరుగా ఉంటుంది. ఖాళీతో కలిపి లెక్కపెడితే సరిగ్గా ఏడు అక్షరాలు. క్వెరీలో ప్రశ్నార్థకం పెట్టి, విలువను మామూలు బ్రాకెట్లలో ఇచ్చి, పేరు తర్వాత కామా మరిచిపోయారు. ఒకే విలువ ఉన్నప్పుడు టపుల్ (విలువల వరుస) కావాలంటే చివర కామా ఉండాల్సిందే. లేకపోతే పైథాన్ దాన్ని మామూలు స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల వరుసగానే, చూస్తుంది, ఎస్‌క్యూలైట్ అందులో అక్షరానికో విలువ లెక్కేస్తుంది. ఆ 7 అనే అంకె మీ ఆటగాడి పేరు పొడవే. ఇంకో ఆటగాడి పేరు పెట్టి చూడండి, అంకె మారుతుంది.

ఈ తలనొప్పి ఎందుకని ప్రశ్నార్థకం తీసేసి పేరును ఎఫ్-స్ట్రింగ్‌తో క్వెరీలోకే అతికించేవాళ్లున్నారు. ఐర్లాండ్ కెవిన్ ఓబ్రయన్ దగ్గరికి వచ్చేసరికి వాళ్ల పని ఆగుతుంది. ఆయన పేరులో ఓ తర్వాత అపాస్ట్రఫీ ఉంది. క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్‌కు అది కొటేషన్ ముగిసిన గుర్తు. బ్రయన్ దగ్గర సింటాక్స్ ఎర్రర్ అంటుంది. ఎస్‌క్యూలైట్‌లో ప్రశ్నార్థకం, పోస్ట్‌గ్రెస్‌కు కలిపే సైకోపీజీ2 లైబ్రరీలో పర్సెంట్ ఎస్, ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ టెక్స్ట్‌లో కోలన్ పెట్టిన పేరు. ఈ మూడింటిలో మీ లైబ్రరీకి ఏది చెల్లుతుందో అదే వాడాలి. ఒకదాని గుర్తు ఇంకోదానిలో పెడితే చాలాసార్లు ఏదో ఒక ఎర్రర్ తప్పదు.

కొటేషన్ల దగ్గర ఇంకో మెలిక. ఆటగాడి పేరును డబుల్ కోట్స్‌లో పెడితే ఎస్‌క్యూలైట్‌లో నడిచిపోతుంది. అదే క్వెరీని పోస్ట్‌గ్రెస్‌కు మార్చగానే ఆ పేరుతో కాలమ్ లేదంటుంది. నియమం ప్రకారం డబుల్ కోట్స్ కాలమ్ పేర్లకు, సింగిల్ కోట్స్ విలువలకు. ఎస్‌క్యూలైట్ మాత్రం అలాంటి కాలమ్ దొరక్కపోతే, పోనీలే స్ట్రింగ్ అయి ఉంటుందని సర్దుకుపోతుంది. ఈ మంచితనమే ముప్పు. కాలమ్ పేరును డబుల్ కోట్స్‌లో పెట్టి ఒక అక్షరం తప్పు రాస్తే ఎర్రర్ రాదు, సున్నా వరుసలు వస్తాయి. వరుసలను గుంపులుగా చేసే గ్రూప్ బై కూడా అంతే. ఆటగాడి వారీగా మొత్తం అడుగుతూ పక్కన మ్యాచ్ తేదీని కూడా సెలెక్ట్‌లో పెడితే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు, ఆ కాలమ్ గ్రూప్ బైలో ఉండాలంటుంది. ఎస్‌క్యూలైట్ ఏదో ఒక వరుసలోని తేదీ తీసి ఇచ్చేస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్‌తో చేసుకున్నా, చూపించే ముందు ఒకసారి పోస్ట్‌గ్రెస్‌లో నడిపి చూడటం మేలు. అది కాస్త పేచీకోరు, ఈ పనికి పేచీకోరే కావాలి.

పోస్ట్‌గ్రెస్‌తో పనిచేసేవాళ్లను ఎక్కువగా విసిగించేది ‘కరెంట్ ట్రాన్సాక్షన్ ఈజ్ అబార్టెడ్’. సరైన క్వెరీ రాసినా అదే మాట. దాన్ని పట్టుకుని వేలాడొద్దు, అది అసలు తప్పు కాదు. అంతకు ముందెప్పుడో ఒక క్వెరీ తప్పింది, ఆ ట్రాన్సాక్షన్ (ఒక కట్టగా నడిచే క్వెరీలు) ఇంకా మూయలేదు. కనెక్షన్ మీద రోల్‌బ్యాక్ (వెనక్కి తీసుకోవడం) పిలిచి, స్క్రీన్ పైకి జరిపి మొదటి ఎర్రర్ చదవండి.

పాత పాఠాలు చూసి రాసేవాళ్లకు రెండు హెచ్చరికలు. క్రిక్‌షీట్‌లో యామల్ అనే పాత రకం ఫైళ్లలో ‘బ్యాట్స్‌మన్’ అనే గడి ఉండేది, జేసన్‌లో అది ‘బ్యాటర్’. పాత కోడ్‌ను అలాగే దింపితే మొదటి బంతికే కీ ఎర్రర్. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ 2.0 2023 జనవరిలో వచ్చాక ఇంజిన్ మీద నేరుగా ఎగ్జిక్యూట్ పిలవడం తీసేశారు. కనెక్షన్ తెరిచి, క్వెరీని టెక్స్ట్ ఫంక్షన్‌లో చుట్టి ఇవ్వాలి, ఎక్కించిన తర్వాత కమిట్ చేయాలి, అంటే మార్పులను ఖాయం చేయాలి. ‘నిన్న డేటా అంతా ఎక్కించాం సార్, ఇవాళ చూస్తే టేబుల్ ఖాళీ’ అనే ఫిర్యాదుకు తొంభై పాళ్లు కమిట్ మరవడమే కారణం.

ఎర్రర్లన్నీ పోయాక అసలు పరీక్ష. దానికి 2023 నవంబరు 23న మన ఊళ్లో జరిగిన టీ20ని మించిన మ్యాచ్ లేదు. జోష్ ఇంగ్లిస్ 110తో ఆస్ట్రేలియా 208 చేసింది. భారత్ 19.5 ఓవర్లలో 8 వికెట్లకు 209. చివరి బంతికి రింకూ సింగ్ సిక్స్ కొట్టాడు, ఊరంతా చూసింది. కానీ షాన్ అబాట్ గీత దాటాడు. కావాల్సింది ఒక్క పరుగు, అది నోబాల్‌తోనే వచ్చేసింది కనుక సిక్స్ లెక్కలోకి రాలేదు. డేటాలో ఆ బంతికి బ్యాటర్ పరుగులు 0, ఎక్స్‌ట్రాలు 1. మీ క్వెరీ రింకూకు 22 చూపించాలి. 28 వచ్చిందంటే ఎవరో చేత్తో దిద్దారు.

ఇదే మ్యాచ్‌తో బంతుల లెక్క చూడండి. వరుసలను కౌంట్ చేసి ఆరుతో భాగిస్తే ఓవర్లు రావు, వైడ్లూ నోబాల్స్ కూడా వరుసలే. అవి రెండూ తీసేస్తే భారత్ ఇన్నింగ్స్‌లో 119 రావాలి. అప్పుడే 19.5. కానీ బ్యాటర్ ఆడిన బంతుల్లో వైడ్ మాత్రమే తీసేయాలి, నోబాల్ ఉంచాలి. ఒకే షరతును రెండు లెక్కలకూ వాడితే ఒకటి తప్పుతుంది. ఇక 19.5ను దశాంశంగా తీసుకుని 209ను భాగిస్తే రన్‌రేట్ 10.72 వస్తుంది. సరైనది 209ని ఆరుతో గుణించి 119తో భాగించాలి, 10.54. ఓవర్ దగ్గరి చుక్క దశాంశ బిందువు కాదు, అది ఆరుతో నడిచే లెక్క. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలు వాడేవాళ్లు బంతి కాలమ్‌ను స్ట్రింగ్‌గానే చదవాలి. ఒక ఓవర్‌లో పది బంతులు పడితే 0.10 అనేది పట్టికలు చదివే పైథాన్ లైబ్రరీ పాండాస్ చేతిలో 0.1 అయిపోతుంది, మొదటి బంతిలో కలిసిపోతుంది.

రింకూ స్ట్రైక్‌రేట్ చూడండి, 14 బంతుల్లో 22. ఎస్‌క్యూఎల్‌లో 22ను 14తో భాగించి వందతో గుణిస్తే 100 వస్తుంది. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే ఎస్‌క్యూలైట్, పోస్ట్‌గ్రెస్ రెండూ చుక్క తర్వాతది కోసేస్తాయి. ముందు 100.0తో గుణించి తర్వాత భాగిస్తే 157.14. పట్టికలో స్ట్రైక్‌రేట్లన్నీ 0, 100, 200గా కనిపిస్తే వేరే తప్పు వెతకనక్కర్లేదు.

ఆ చివరి ఓవర్‌లో మూడు వికెట్లు పడ్డాయి, వాటిలో రెండు రనౌట్లు. వికెట్ పడిన బంతులన్నీ బౌలర్ ఖాతాలో వేస్తే అబాట్ ఆ ఓవర్‌లో మూడు తీసినట్టు చూపిస్తుంది. అవుటైన తీరు అనే కాలమ్ చూసి రనౌట్, రిటైర్డ్ హర్ట్ లాంటివి తీసేయాలి. అదే ఇన్నింగ్స్ మొదట్లో రుతురాజ్ గైక్వాడ్ ఒక్క బంతీ ఆడకుండా రనౌటయ్యాడు. ‘బ్యాటర్ కాలమ్‌లో పేరున్నవాళ్లు’ అని ఇన్నింగ్స్ లెక్కిస్తే ఆయన ఆ మ్యాచ్ ఆడనట్టే. బ్యాటర్, నాన్ స్ట్రైకర్, అవుటైన ఆటగాడు, ఈ మూడు కాలమ్‌లనూ యూనియన్ చేసి, అంటే ఒకే జాబితాగా కలిపి, తీసుకుంటే ఇన్నింగ్స్ పోదు. సున్నాలే కదా అనుకుంటారు, సగటులో హారం మారేది అక్కడే.

రెండు టేబుళ్లను కలిపే జాయిన్ల దగ్గర తప్పు ఎక్కువగా పెంచే చూపిస్తుంది. 2019 అక్టోబరులో దక్షిణాఫ్రికాతో టెస్టులో రోహిత్ ఇక్కడ 176, 127 చేశాడు, కలిపి 303. బంతుల టేబుల్‌ను మ్యాచ్ ఐడీతో జట్ల టేబుల్‌కు కలిపితే 606 వస్తుంది. మ్యాచ్‌కు రెండు జట్లు, ప్రతి బంతీ రెండుసార్లు వస్తుంది. ఆటగాళ్ల జాబితాతో కలిపితే 22 రెట్లు. ముందు బంతుల టేబుల్‌లోనే మొత్తం వేసుకుని, ఆ ఫలితాన్ని తర్వాత కలపాలి. జాయిన్ లేకుండానే 606 వచ్చిందా? డేటా ఎక్కించే పాండాస్ టూ-ఎస్‌క్యూఎల్‌ను అపెండ్‌తో, అంటే పాతదాని కింద చేర్చమని, రెండుసార్లు నడిపారు. మ్యాచ్ ఐడీ, ఇన్నింగ్స్, ఓవర్, ఓవర్‌లో వరుస సంఖ్య, ఈ నాలుగింటినీ కలిపి ప్రైమరీ కీగా, అంటే రెండోసారి రాకూడని గుర్తుగా, పెడితే రెండోసారి ‘యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఫెయిల్డ్’ అంటుంది. ఆ ఎర్రర్ వచ్చినందుకు సంతోషించాలి.

ఊరి పేరు, మైదానం పేరు గురించి మీ క్రీడా విభాగం ప్రత్యేకంగా చూడాలి. ఐపీఎల్ డేటాలో మన స్టేడియం పేరు ఒక చోట ఏసీఏ-వీడీసీఏ క్రికెట్ స్టేడియం దగ్గర ఆగుతుంది, ఇంకో చోట కామా పెట్టి విశాఖపట్నం కూడా ఉంటుంది. ఒక పేరుతో అడిగితే సగం మ్యాచ్‌లే వస్తాయి. మైదానాలకు విడిగా ఒక టేబుల్ పెట్టి రెండు పేర్లకూ ఒకే ఐడీ ఇవ్వాలి. జట్లకూ అంతే, డేర్‌డెవిల్స్ 2019 సీజన్ నుంచి క్యాపిటల్స్. ఐపీఎల్ సీజన్ కాలమ్‌ను కూడా నమ్మొద్దు. 2020 సీజన్ అందులో 2020/21గా ఉంటుంది, సంవత్సరం కావాలంటే తేదీ నుంచే తీసుకోవాలి.

‘ఇండియా’ అని మాత్రమే అడిగితే పురుషులూ మహిళలూ కలిసి వస్తారు. విశాఖలో వన్డే ఛేదనల్లో పెద్దది ఏదని అడిగితే 331 రావచ్చు. అది 2025 అక్టోబరు 12న మహిళల ప్రపంచకప్‌లో అలీసా హీలీ 142తో ఆస్ట్రేలియా మన మీద సాధించింది. పురుషుల పట్టికలో ఆ అంకె వేస్తే తప్పు, అసలు చెప్పకుండా వదిలేసినా తప్పే. జెండర్, మ్యాచ్ టైపు అనే రెండు షరతులు లేని క్వెరీ ఏదీ అచ్చుకు వెళ్లకూడదు. ‘విశాఖలో మొదటి నుంచీ’ అన్న మాట కూడా జాగ్రత్తగా వాడాలి. మధురవాడలో మొదటి వన్డే 2005 ఏప్రిల్ 5న, ధోనీ 148 నాటిది. అంతకు ముందు వన్డేలు ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో జరిగేవి. 1996 ప్రపంచకప్‌లో కెన్యా మీద మార్క్ వా 130 కొట్టింది అక్కడే. బంతి బంతి ఫైళ్లు 2000ల తొలి ఏళ్ల నుంచే మొదలవుతాయి కనుక ఆ మ్యాచ్‌లు డేటాబేస్‌లో దొరకవు. వాటిని స్కోరుకార్డుల నుంచి చేత్తో ఎక్కించాలి.

మా విన్నపం రెండు మాటలు. క్రీడా పేజీలో పట్టిక వేసినప్పుడు కింద చిన్న అక్షరాల్లో ఒక వరుస ఇవ్వండి: ఏ ఫార్మాట్, పురుషులా మహిళలా, ఏ మైదానం, ఏ తేదీ వరకు, టై అయినవి కలిపారా లేదా. ఒక్క సెంటీమీటరు స్థలం చాలు. రెండోది చదువుల పేజీకి. విద్యార్థుల ప్రాజెక్టుల గురించి రాసేటప్పుడు వెబ్‌సైటు ఎంత అందంగా ఉందో కాకుండా, 2018 అక్టోబరు 24, 2023 నవంబరు 23 మ్యాచ్‌లకు వాళ్ల ప్రోగ్రాం ఏం చెబుతోందో అడిగి రాయండి. కోహ్లీకి 157 నాటౌట్, రింకూకు 14 బంతుల్లో 22, భారత్‌కు 119 బంతులు, రుతురాజ్‌కు ఒక ఇన్నింగ్స్ రావాలి.

ఇట్లు,
ఎంవీపీ కాలనీ నుంచి కొందరు పాఠకులు,
విశాఖపట్నం